ఆప్షన్స్‌కి మొదటి పుస్తకం ఏది కొనాలి?

తొలిమెట్టు:
అందరికీ నమస్కారం. డెలివరీ షేర్లు కొనడం, అమ్మడం తెలుసు. ఆప్షన్స్ (ముందే అనుకున్న ధరకి కొనే లేదా అమ్మే హక్కులు) మాత్రం అ ఆల నుంచి మొదలుపెట్టాలి. వీడియోలతో కాకుండా పుస్తకం ముందేసుకుని నేర్చుకోవాలని ఉంది. షాపులో నాలుగు చూపించారు: జాన్ హల్ ‘ఆప్షన్స్, ఫ్యూచర్స్ అండ్ అదర్ డెరివేటివ్స్’, లారెన్స్ మెక్‌మిలన్ ‘ఆప్షన్స్ యాజ్ ఎ స్ట్రాటజిక్ ఇన్వెస్ట్‌మెంట్’, షెల్డన్ నాటెన్‌బర్గ్ ‘ఆప్షన్ వొలటిలిటీ అండ్ ప్రైసింగ్’, ఇంకోటి స్ట్రాటజీలన్నీ బొమ్మలతో వేసిన పల్చటి పుస్తకం. నాలుగూ కొనలేను, కొన్నా ఏది ముందు చదవాలో తెలియదు. లెక్కలు ఇంటర్ వరకు ఇబ్బంది లేదు. ఇంగ్లిష్ చదవగలను, కాస్త నెమ్మదిగా. ఏది ముందు?

లెక్కలపద్దు:
ఆ నాలుగింట్లో ఏదీ ఇప్పుడే కొనకండి. ముందు ఎన్ఐఎస్ఎం వాళ్ల సిరీస్ 8 వర్క్‌బుక్ దించుకోండి. ఎన్ఐఎస్ఎం మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన సంస్థ. బ్రోకర్ల దగ్గర డెరివేటివ్స్ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) విభాగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన పరీక్షకి ఈ వర్క్‌బుక్ పాఠ్యపుస్తకం. పీడీఎఫ్ వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ఎవరో టెలిగ్రామ్‌లో పెట్టిన కాపీ వద్దు. రూల్స్ మారినప్పుడల్లా కొత్త వెర్షన్ వస్తుంది, పాత కాపీలో లాట్ సైజులూ (ఒక కాంట్రాక్ట్‌లో ఎన్ని ఉంటాయన్నది) పన్నులూ తప్పుగా ఉంటాయి.

మొదటి పేజీ నుంచి వరసగా చదవక్కర్లేదు. ముందు ఆప్షన్స్ అధ్యాయం, దాని వెంటనే క్లియరింగ్ అండ్ సెటిల్‌మెంట్ అధ్యాయం, తర్వాత స్ట్రాటజీలు, ఆఖర్న అకౌంటింగ్, టాక్సేషన్. రెండోది చాలామంది దాటేస్తారు. డబ్బు ఏ రోజు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, మార్జిన్ (హామీగా ఉంచాల్సిన డబ్బు) ఎందుకు పెరుగుతుందో చెప్పేది అదే కాబట్టి దాన్ని వదలొద్దు. రోజుకి గంట చొప్పున మూడు వారాలు చాలు.

పరీక్ష రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. 100 ప్రశ్నలు, 2 గంటలు, 60 శాతం వస్తే పాస్, తప్పు జవాబుకి పావు మార్కు కోత. రాయకపోయినా అందులోని లెక్కలు మాత్రం కాగితం మీద చేయండి. చదివితే అర్థమైనట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే తెలుస్తుంది ఎక్కడ ఆగిపోతున్నామో.

లోటు కూడా చెప్పాలి. వొలటిలిటీ (ధరల ఊగిసలాట) గురించి అందులో పల్చగా ఉంటుంది. గ్రీక్స్‌కి (షేరు ధర, రోజులు, వొలటిలిటీ మారితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో చెప్పే కొలతలకి) నిర్వచనాలు ఉంటాయి కానీ చేతికి అలవాటయ్యేంత సాధన ఉండదు. అక్కడికి వచ్చాకే రెండో పుస్తకం అవసరం పడుతుంది.

గోదారిగట్టు:
లెక్కలపద్దు గారితో ఏకీభవిస్తాను. మిగతా మూడు పెద్ద పుస్తకాల సంగతి చెప్తాను. అవి ఒకే పని చేసే పుస్తకాలు కావు.

హల్‌ది కాలేజీ పాఠ్యపుస్తకం. ధర ఎలా పుడుతుందన్నది దాని విషయం, ట్రేడ్ ఎలా చేయాలన్నది కాదు. మొదటి పుస్తకంగా కొంటే సగంలో వదిలేస్తారు, ఎందుకంటే ఆప్షన్స్ మొదలయ్యేసరికే ఫ్యూచర్స్, వడ్డీ రేట్లు, స్వాప్స్ మీద బోలెడు పేజీలు గడిచిపోతాయి. అయితే ఈమధ్య ఎడిషన్లలో 10, 11, 12 అధ్యాయాలు బంగారం. 10లో ఆప్షన్ మార్కెట్ ఎలా నడుస్తుందో, 11లో ఆప్షన్ ధరకి పై హద్దు, కింది హద్దు ఏమిటో, 12లో స్ట్రాటజీలు. ఆ మూడింటికి మీ ఇంటర్ లెక్కలు సరిపోతాయి. లైబ్రరీలో తీసుకుని ఆ మూడూ నోట్సు రాసుకుంటే చాలు. ఈ పుస్తకం పాత ఎడిషన్ అయినా నష్టం లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, కోఠీలోనో, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లోనో దొరికితే తీసుకోవచ్చు. కానీ అధ్యాయాల నంబర్లు ఎడిషన్‌ని బట్టి మారతాయి, పేర్లు చూసుకోండి.

మెక్‌మిలన్‌ది వెయ్యి పేజీల పుస్తకం, ఐదో ఎడిషన్ 2012లో వచ్చింది. ఒక్కో స్ట్రాటజీ తీసుకుని ఎప్పుడు ఎక్కాలి, ధర అటు పోతే ఏం చేయాలి, ఇటు పోతే ఏం చేయాలి అని ఓపిగ్గా చెప్తాడు. చేతిలో ఉన్న షేర్ల మీద కాల్ (కొనే హక్కు) అమ్మే కవర్డ్ కాల్‌తోనే అసలు కథ మొదలవుతుంది. మీరు డెలివరీ షేర్ల నుంచి వస్తున్నారు కాబట్టి ఆ దారి మీకు సహజం. దాన్ని ముందు నుంచి చివరికి చదవడం కష్టం, ఒక స్ట్రాటజీ చేయబోయే ముందు ఆ అధ్యాయం తీసి చదువుకోవాలి.

నాటెన్‌బర్గ్ మొదట 1988లో వచ్చింది, రెండో ఎడిషన్ 2014. వొలటిలిటీ అర్థం కావాలంటే ఇదే. నా ఉద్దేశంలో మీరు డబ్బు పెట్టి కొనాల్సింది ఇదొక్కటే, అదీ వర్క్‌బుక్ పూర్తయ్యాక. కొత్తవాళ్లు మొదటి నాలుగైదు అధ్యాయాల్లోనే నీరసపడతారు. అక్కడ పదాలు గట్టిగా పట్టుకుంటే ఆ తర్వాత సాఫీగా పోతుంది.

పల్నాటిసీమ:
నేను కాస్త వేరే మాట చెప్తాను. బొమ్మల స్ట్రాటజీ పుస్తకాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. పేఆఫ్ గీత (ఏ ధర దగ్గర ఎంత లాభనష్టమో చూపే గీత) చూడగానే కొత్తవాళ్లకి నష్టం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఆగదో కళ్లకి కడుతుంది. కాల్ అమ్మితే గీత కుడివైపు కిందికి దిగుతూనే ఉంటుందని ఒక్కసారి చూస్తే మర్చిపోరు. వెయ్యి పేజీల పుస్తకం చూసి భయపడి మానేయడం కన్నా అది నయం కదా?

లెక్కలపద్దు:
పల్నాటిసీమ గారూ, గీత నేర్చుకోవాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఆ పుస్తకాల్లో గీత ఎక్స్‌పైరీ రోజుది, అంటే ఆప్షన్ గడువు ముగిసే రోజుది. కొత్తవాళ్లు బయటపడేది ఎక్స్‌పైరీకి ముందు. ఆ మధ్య రోజుల్లో ప్రీమియం (ఆప్షన్ ధర) ఏమవుతుందో ఆ గీత చెప్పదు. ఒక లెక్క చూపిస్తాను, అందరూ చేసి చూడండి.

నిఫ్టీ 25,000. ఎక్స్‌పైరీకి 7 రోజులు. ఏదో పెద్ద ప్రకటన రేపు ఉంది కాబట్టి ఐవీ (ఇంప్లైడ్ వొలటిలిటీ, ముందుముందు ఎంత ఊగిసలాట ఉంటుందని ఆప్షన్ ధరలు చెప్తున్నాయో ఆ అంకె) 16 శాతం దగ్గర ఉంది. 25,000 కాల్ ధర ఎంత? స్పాట్ (ఇప్పటి మార్కెట్ ధర), స్ట్రైక్ (హక్కులో రాసుకున్న ధర) ఒకటే అయినప్పుడు పనికొచ్చే చేతి లెక్క: 0.4 × స్పాట్ × ఐవీ × కాలం వర్గమూలం. కాలం అంటే 7 భాగించు 365, దాని వర్గమూలం 0.1385. అంటే 0.4 × 25,000 × 0.16 × 0.1385, సుమారు ₹221. వడ్డీని పక్కన పెట్టాను.

మర్నాడు ప్రకటన వచ్చింది. మీరు అనుకున్నట్టే నిఫ్టీ 100 పాయింట్లు పెరిగి 25,100 అయింది. ఐవీ 16 దగ్గరే ఉంటే ఆ కాల్ ₹259 దాకా ఉండాలి. కానీ ప్రకటన అయిపోయింది, ఇక ఎదురుచూసేది ఏమీ లేదు, ఐవీ 12కి పడింది. ఆప్షన్ ధర కట్టే బ్లాక్-షోల్స్ సూత్రంలో వేస్తే కాల్ ధర సుమారు ₹209. కొన్నది 221కి. లాట్ 65 చొప్పున 12 × 65, అంటే ₹780 నష్టం. దీని మీద ఆర్డర్‌కి ₹20 తీసుకునే బ్రోకర్ దగ్గర రెండు ఆర్డర్లకి ₹40, దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపి ₹47.20, ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను), ఎక్స్‌ఛేంజ్ ఛార్జీలు అదనం.

దిక్కు కరెక్టుగా పట్టినా డబ్బు పోయింది. ఎందుకు పోయిందో మీరు కొనబోయే పుస్తకం చెప్పగలదా లేదా, అదొక్కటే చూడండి. గీతల పుస్తకాల్లో ఈ లెక్క ఉండదు.

పల్నాటిసీమ:
ఈ లెక్క చూశాక ఒప్పుకుంటున్నాను. గీతల పుస్తకం పక్కన పెట్టుకోవడానికి సరే, దాని ఒక్కదాని మీద ఆధారపడకూడదు. ఒక చిన్న సవరణ మాత్రం: ఎక్స్‌పైరీ గీతతో పాటు 15 రోజుల ముందు గీత, 5 రోజుల ముందు గీత ఒకే బొమ్మలో వేసిన పుస్తకాలు కొన్ని ఉంటాయి. అలాంటిది దొరికితే తీసుకోవచ్చు.

ఓరుగల్లుకోట:
ఏ పుస్తకమైనా కవర్ చూడకముందు లోపల ప్రచురణ సంవత్సరం చూడండి. మన మార్కెట్‌లో రూల్స్ ఎన్నిసార్లు మారాయో తెలిస్తే ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

ఎన్ఎస్ఈలో నిఫ్టీ ఆప్షన్స్ 2001 జూన్‌లో, షేర్ ఆప్షన్స్ ఆ మరుసటి నెలలో మొదలయ్యాయి. షేర్ ఆప్షన్స్ అప్పట్లో అమెరికన్ తరహా, అంటే కొన్నవాళ్లు ఎక్స్‌పైరీ దాకా ఆగకుండా ఎప్పుడైనా హక్కు వాడుకోవచ్చు (ఎక్సర్‌సైజ్). 2011 జనవరి నుంచి ఎక్స్‌పైరీ రోజే హక్కు వాడుకునే యూరోపియన్ తరహాకి మార్చారు. చిహ్నాలు కూడా సీఏ, పీఏ పోయి సీఈ, పీఈ అయ్యాయి. పుస్తకంలో సీఏ, పీఏ కనిపిస్తే కింద పెట్టేయండి.

తర్వాతి మార్పు అన్నిటికన్నా పెద్దది. 2018 వరకు షేర్ ఆప్షన్స్ కూడా నగదు తేడాతో ముగిసేవి. ఆ ఏడాది జులై నుంచి విడతలుగా, 2019 అక్టోబర్‌కల్లా అన్ని షేర్లకీ ఫిజికల్ సెటిల్‌మెంట్ వచ్చింది. ఎక్స్‌పైరీ రోజు మీ ఆప్షన్ ఇన్ ద మనీలో (హక్కు వాడుకుంటే విలువ వచ్చే స్థితిలో) ఉంటే డబ్బు తేడా రాదు, షేర్లు చేతులు మారతాయి. నిఫ్టీ లాంటి ఇండెక్స్ ఆప్షన్స్ మాత్రం ఇప్పటికీ నగదే.

ఆపైన 2024 నవంబర్ 20 నుంచి ఒక ఎక్స్‌ఛేంజ్‌కి ఒక్క ఇండెక్స్ మీదే వారం ఎక్స్‌పైరీ. బ్యాంక్ నిఫ్టీ వీక్లీ అక్కడితో పోయింది. ‘బ్యాంక్ నిఫ్టీ బుధవారం స్ట్రాటజీ’ అని ఏ పుస్తకంలో ఉన్నా అది చెల్లని సరుకు. అదే సమయంలో కాంట్రాక్ట్ విలువ కనీసం ₹15 లక్షలు చేశారు, అందుకే నిఫ్టీ లాట్ 25 నుంచి 75 అయింది, 2026 జనవరి సిరీస్ నుంచి 65. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఎన్ఎస్ఈ ఎక్స్‌పైరీ మంగళవారం, బీఎస్ఈది గురువారం. ప్రీమియం మీద అమ్మేటప్పుడు పడే ఎస్‌టీటీ 2024 అక్టోబర్ 1న 0.0625 శాతం నుంచి 0.1 శాతం అయింది. ఆ రేటుని ఏ పుస్తకం నుంచీ తీసుకోకండి, ట్రేడ్ చేసే రోజు బ్రోకర్ కాలిక్యులేటర్‌లో చూడండి.

సిద్ధాంతం చెప్పే పుస్తకం పాతదైనా పర్లేదు. భారత మార్కెట్‌లో ట్రేడింగ్ నేర్పిస్తానని చెప్పే పుస్తకం 2019 అక్టోబర్‌కి ముందుదైతే వద్దే వద్దు.

తొలిమెట్టు:
ఒక అనుమానం. ‘ఆప్షన్ కొన్నవాళ్లకి నష్టం ప్రీమియం వరకే’ అని ప్రతి చోటా చదువుతున్నాను. అలాంటప్పుడు ఫిజికల్ సెటిల్‌మెంట్ అయితే నాకేంటి? నేను కొనడమే కదా, అమ్మను.

ఓరుగల్లుకోట:
సరిగ్గా ఈ వాక్యం దగ్గరే కొత్తవాళ్లు దెబ్బతింటారు. ఒక షేరు ధర ₹1,000, లాట్ 500 అనుకుందాం. 980 కాల్ ₹30కి కొన్నారు, కట్టింది ₹15,000. ఎక్స్‌పైరీ రోజు షేరు 1,000 దగ్గర ముగిసింది. ఆప్షన్ విలువ ₹20, పది రూపాయలు నష్టం, పోనీలే అని వదిలేశారు. సాయంత్రానికి మీ మీద పడేది 500 షేర్లు 980 చొప్పున కొనే బాధ్యత, ₹4,90,000. ఖాతాలో ఉన్నది ఇరవై వేలు.

పుట్ (అమ్మే హక్కు) అయితే ఇంకా ఇబ్బంది. ఇన్ ద మనీ పుట్ చేతిలో ఉంచుకుంటే మీరు 500 షేర్లు అప్పగించాలి. డీమ్యాట్‌లో లేకపోతే అది షార్ట్ డెలివరీ (ఇవ్వాల్సిన షేర్లు ఇవ్వలేకపోవడం), ఆక్షన్‌కి, అంటే వేలానికి పోతుంది. ఆక్షన్‌లో ఎంత ధరకి దొరికితే అంత మీ నెత్తినే.

ఈ పరిస్థితి రాకుండా ఎక్స్‌ఛేంజ్ ముందుగానే బిగిస్తుంది. ఇన్ ద మనీలో ఉన్న షేర్ ఆప్షన్ కొని ఉంచుకున్నవాళ్లకి ఎక్స్‌పైరీకి ముందు నాలుగు ట్రేడింగ్ రోజుల నుంచి డెలివరీ మార్జిన్ మెట్లుమెట్లుగా పెరుగుతుంది: 10, 25, 45, 70 శాతం. ఇవి షేరుకి వర్తించే మార్జిన్‌లో శాతాలు. డబ్బు లేకపోతే బ్రోకరే మీ పొజిషన్ కోసేయవచ్చు, అదీ వాళ్లకి దొరికిన ధరకి.

ప్రీమియం వరకే నష్టం అన్న మాట అబద్ధం కాదు. ఎక్స్‌పైరీకి ముందు అమ్మేసుకున్నవాళ్లకి, ఇండెక్స్ ఆప్షన్ కొన్నవాళ్లకి అది నిజం. షేర్ ఆప్షన్‌ని చివరిదాకా పట్టుకున్నవాళ్లకి ఆ వాక్యం సరిపోదు. పుస్తకం షాపులో తెరిచి ఈ తేడా రాసి ఉందో లేదో చూడండి.

డల్లాస్‌తెలుగు:
ఇక్కడ అమెరికాలో ట్రేడ్ చేసే తెలుగువాళ్లు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి ఒక మాట. పైన చెప్పినదాంట్లో కొన్ని ఇక్కడ తిరగబడతాయి. అమెరికాలో షేర్ ఆప్షన్స్ అమెరికన్ తరహావే, ఒక కాంట్రాక్ట్‌కి మామూలుగా 100 షేర్లు. కాబట్టి కాల్ అమ్మినవాళ్లకి ఎక్స్‌పైరీకి ముందే అసైన్‌మెంట్ (షేర్లు అప్పగించాలన్న బాధ్యత) రావచ్చు. డివిడెండ్ ఎక్స్-డేట్‌కి (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకి ఆ డివిడెండ్ రాదు) ముందు రోజు అది ఎక్కువగా జరుగుతుంది: కాల్‌లో మిగిలిన టైమ్ వాల్యూ (ఇంకా గడువు ఉన్నందుకు ధరలో ఉండే భాగం) కన్నా డివిడెండ్ ఎక్కువైతే కొన్నవాళ్లు ఎక్సర్‌సైజ్ చేసి షేర్లు తీసుకుంటారు. మెక్‌మిలన్‌లో దీని గురించి చాలా ఉంటుంది. మనవైపు యూరోపియన్ తరహా కాబట్టి ఆ పేజీలు ఇండియాలో ట్రేడ్ చేసేవాళ్లు పైపైన చూసి వదిలేయవచ్చు. ఇక్కడివాళ్లు వదిలితే కుదరదు.

మొదటి పఠనంగా ఇక్కడ ఓసీసీ (అక్కడి ఆప్షన్స్ క్లియరింగ్ సంస్థ) వాళ్ల ‘క్యారెక్టరిస్టిక్స్ అండ్ రిస్క్స్ ఆఫ్ స్టాండర్డైజ్డ్ ఆప్షన్స్’ ఉచితం, ఆప్షన్స్ ఖాతా తెరిచేటప్పుడు బ్రోకర్ ఎలాగూ చేతికిస్తాడు. చాలామంది తెరవరు. భాష పొడిగా ఉంటుంది, కానీ ఎక్సర్‌సైజ్, అసైన్‌మెంట్ సంగతులు అంత సూటిగా చెప్పే పుస్తకం ఇంకోటి తక్కువ.

తొలిమెట్టు:
తెలుగులో ఉన్నవి ఏమైనా చదవవచ్చా? ఒక తెలుగు పుస్తకంలో కాల్ ఆప్షన్ అంటే స్థలానికి బయానా ఇచ్చినట్టు అని చెప్పారు, అది చాలా తేలిగ్గా అర్థమైంది.

గోదారిగట్టు:
బయానా పోలిక మొదటి అరగంటకి బాగుంటుంది. ఆ తర్వాత దాన్ని వదిలేయాలి, లేకపోతే అదే అడ్డం పడుతుంది. బయానా ఇస్తే రిజిస్ట్రేషన్ రోజు అది ధరలో కలిసిపోతుంది: 20 లక్షల స్థలానికి లక్ష బయానా ఇస్తే మిగతా 19 లక్షలు కడతాం. ప్రీమియం అలా కలవదు. 1,000 స్ట్రైక్ కాల్ ₹28కి కొంటే ఎక్స్‌పైరీ రోజు షేరుకి మళ్లీ ₹1,000 పూర్తిగా కట్టాలి, అసలు ఖర్చు ₹1,028. బ్రేక్ ఈవెన్ (లాభం, నష్టం రెండూ లేని ధర) ఎందుకు స్ట్రైక్ కన్నా పైన ఉంటుందో బయానా పోలికతో చదివినవాళ్లకి అర్థం కాకపోవడానికి కారణం ఇదే.

రెండోది, బయానా కాగితాన్ని రోజూ సంతలో పెట్టి ధర కట్టరు. ప్రీమియం రోజూ కరుగుతుంది, రోజూ ధర పలుకుతుంది. మూడోది, ఆ పోలికలో పుట్ ఎక్కడుంది? పుట్‌కి దగ్గరి పోలిక పంట బీమా. ప్రీమియం కట్టాం, పంట బాగుంటే ఆ డబ్బు పోయినట్టే, పంట పోతే బీమా ఆదుకుంటుంది. అమ్మేవాళ్లు బీమా కంపెనీ స్థానంలో ఉంటారు, అందుకే వాళ్లు మార్జిన్ కట్టాలి. నిఫ్టీ 25,000 దగ్గర ఒక లాట్ అంటే ₹16.25 లక్షల కాంట్రాక్ట్. ఎక్స్‌పైరీ రోజు అమ్మిన పొజిషన్ మీద మామూలు మార్జిన్‌కి అదనంగా 2 శాతం, అంటే ₹32,500 కావాలి. ఇదీ 2024 నవంబర్ నుంచి వచ్చిన రూలే.

తెలుగు పుస్తకం తీసుకుంటే తీసుకోండి, తప్పు లేదు. మన భాషలో మొదటి అడుగు వేయడం మంచిదే. కాకపోతే పదాలని పూర్తిగా తెలుగు చేసిన పుస్తకం కన్నా ప్రీమియం, స్ట్రైక్, ఎక్స్‌పైరీ, ఐవీ అని ఉన్నవి ఉన్నట్టు రాసి వివరణ తెలుగులో ఇచ్చినదే మేలు. రేపు ఆప్షన్ చెయిన్ (అన్ని స్ట్రైక్‌ల ధరల పట్టిక) తెరిస్తే కనిపించేవి ఆ పదాలే.

విశాఖతీరం:
షాపులో పది నిమిషాల్లో పుస్తకాన్ని పరీక్షించే పద్ధతి ఒకటి చెప్తాను. వెనక ఇండెక్స్‌లో పుట్-కాల్ పారిటీ (ఒకే స్ట్రైక్ కాల్, పుట్ ధరల మధ్య ఉండాల్సిన సంబంధం) ఉందా చూడండి. లేకపోతే అక్కడే వదిలేయండి. ఉంటే ఆ పేజీ తీసి, లెక్క అంకెలతో చేసి చూపించారా లేక సూత్రం రాసి ఊరుకున్నారా చూడండి.

దీనికి ఎందుకంత విలువ అంటే, కొత్తవాళ్లు ఆప్షన్ చెయిన్ చూసి చేసే మొదటి తప్పు ఇక్కడే. నిఫ్టీ 25,000 ఉంది, నెల ఎక్స్‌పైరీలో 25,000 కాల్ ధర అదే స్ట్రైక్ పుట్ కన్నా ఎక్కువగా ఉంది. ‘మార్కెట్ పెరుగుతుందని అందరూ అనుకుంటున్నారన్నమాట’ అని కాల్ కొనేస్తారు. అది అంచనా కాదు, వడ్డీ. ఏడాదికి 6.5 శాతం వడ్డీ, 30 రోజులు అనుకుంటే 25,000 మీద సుమారు ₹134. డివిడెండ్లు లేవనుకుంటే కాల్, పుట్ కన్నా అంత ఎక్కువ ఉండి తీరాలి. లేకపోతే కాల్, పుట్, ఫ్యూచర్ మూడూ కలిపి తేడా ఏరుకునేవాళ్లు క్షణాల్లో సరిచేసేస్తారు. ఈ ఒక్క పేజీ అర్థమైతే ఆప్షన్ చెయిన్ చూసే తీరే మారిపోతుంది.

రెండో పరీక్ష: అభ్యాసాలకి జవాబులు ఉన్నాయా? మూడోది: లాభాల పట్టికలు చూపించిన చోట బ్రోకరేజి, ఎస్‌టీటీ తీసేశారా? నాలుగోది: నెలకి ఇంత శాతం ఖాయం అని కవర్ మీద ఉంటే లోపల తెరవక్కర్లేదు. సెబీ 2025 జులైలో ఇచ్చిన లెక్క ప్రకారం 2024-25లో ఈక్విటీ డెరివేటివ్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 91 శాతం మంది నష్టపోయారు. ఆ సంగతి దాచిపెట్టే పుస్తకాన్ని మిగతా విషయాల్లో మాత్రం ఎలా నమ్ముతాం?

లెక్కలపద్దు:
విశాఖతీరం గారు చెప్పిన పారిటీ సంగతి నేను మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. మంచి పరీక్ష.

సాధన ఎలా చేయాలో కూడా చెప్తాను, పుస్తకం కొని చదివేస్తే రాదు. రెండు వందల పేజీల లాంగ్‌బుక్ ఒకటి తీసుకోండి. కాగితం మీద ట్రేడ్ రాసేటప్పుడు ఈ వివరాలన్నీ ఉండాలి: తేదీ, టైము, స్పాట్, స్ట్రైక్, ఎక్స్‌పైరీకి ఎన్ని రోజులు, ఐవీ, బిడ్ (కొనేవాళ్లు ఇస్తామనే ధర), ఆస్క్ (అమ్మేవాళ్లు అడిగే ధర), ఎందుకు ఎక్కుతున్నాం, ఏ ధర దగ్గర తప్పు ఒప్పుకుని దిగుతాం. దిగాక మళ్లీ స్పాట్, ఐవీ, బిడ్ రాయాలి. తర్వాత లాభనష్టాన్ని మూడు ముక్కలు చేయండి: స్పాట్ కదలిక వల్ల ఎంత, ఐవీ వల్ల ఎంత, రోజులు గడవడం వల్ల ఎంత. ముక్కలు సరిగ్గా కలవవు, కాస్త తేడా ఉంటుంది, ఫర్వాలేదు. నాలుగు నెలవారీ ఎక్స్‌పైరీలు ఇలా రాస్తే నాటెన్‌బర్గ్‌లో పేజీలు మీతో మాట్లాడటం మొదలుపెడతాయి.

చివరి ట్రేడ్ ధర చూసి రాయకండి. షేర్ ఆప్షన్స్‌లో ఆ ధర గంట కిందటిది కూడా కావచ్చు. కొనేటప్పుడు ఆస్క్, అమ్మేటప్పుడు బిడ్. ఎన్ఎస్ఈ బావ్‌కాపీ (ఆ రోజు ధరల పట్టిక) రోజూ ఉచితంగా దొరుకుతుంది కానీ, వాల్యూమ్ లేని స్ట్రైక్‌ల ముగింపు ధరలు నమ్మి లెక్క వేస్తే కాగితం మీద లాభాలే లాభాలు కనిపిస్తాయి.

తొలిమెట్టు:
వర్క్‌బుక్ దించుకుని ఆప్షన్స్, సెటిల్‌మెంట్, స్ట్రాటజీల అధ్యాయాలు చదివాను. హల్ 10, 11, 12 లైబ్రరీలో దొరికాయి. మీరు చెప్పినట్టు మొదటి లెక్క లాంగ్‌బుక్‌లో రాశాను, తప్పుంటే చెప్పండి.

షేరు ₹1,000, లాట్ 500, బుల్ కాల్ స్ప్రెడ్. 1,000 కాల్ కొన్నాను ₹28, 1,040 కాల్ అమ్మాను ₹13. కట్టింది ₹15 చొప్పున ₹7,500, గరిష్ఠ నష్టం అదే. గరిష్ఠ లాభం 40లో 15 పోను 25, అంటే ₹12,500. బ్రేక్ ఈవెన్ 1,015. ఎక్స్‌పైరీ వరకు ఉంచాలని రాశాను. స్క్రీన్ మీద 1,000 కాల్ బిడ్ 27.40, ఆస్క్ 28.60. 1,040 కాల్ బిడ్ 12.20, ఆస్క్ 13.80 ఉన్నాయి.

లెక్కలపద్దు:
సూత్రం సరిగ్గా ఉంది. ధరలు మాత్రం బిడ్, ఆస్క్ మధ్యవి వేసుకున్నారు. 28.60కి కొని 12.20కి అమ్మినట్టు రాయండి: కట్టేది 16.40, అంటే ₹8,200. గరిష్ఠ లాభం 23.60, అంటే ₹11,800. బ్రేక్ ఈవెన్ 1,016.40. ఎక్కేటప్పుడే ₹700 తేడా వచ్చింది, దిగేటప్పుడు మళ్లీ అలాంటిదే ఉంటుంది. రెండు కాళ్లు (కొన్న కాల్ ఒకటి, అమ్మిన కాల్ ఒకటి), ఎక్కడం దిగడం కలిపి నాలుగు ఆర్డర్లు, బ్రోకరేజి, జీఎస్టీ ₹94.40 కూడా వేయండి.

ఓరుగల్లుకోట:
‘ఎక్స్‌పైరీ వరకు ఉంచాలి’ అన్న లైను కొట్టేయండి. షేరు 1,040 దాటి ముగిస్తే రెండు కాళ్లూ ఇన్ ద మనీ, కొనాల్సిన 500, ఇవ్వాల్సిన 500 సరిపోతాయి, గొడవ లేదు. 1,000 కింద ముగిస్తే రెండూ సున్నా. ఆ మధ్యలో, ఉదాహరణకి 1,022 దగ్గర ముగిస్తే మీరు కొన్న కాల్ మాత్రమే బతికి ఉంటుంది, అమ్మినది సున్నా అవుతుంది. 500 షేర్లు 1,000 చొప్పున తీసుకోవాలి, ₹5,00,000. ₹8,200 దాటి నష్టం ఉండదనుకున్న స్ప్రెడ్ అక్కడితో మామూలు డెలివరీ షేర్లు అయిపోతుంది. మర్నాడు షేరు 30 రూపాయలు తక్కువకి తెరుచుకుంటే ₹15,000 అక్కడే పోతుంది.

నెల చివరి మంగళవారం ఎక్స్‌పైరీ కాబట్టి మధ్యలో సెలవు లేకపోతే డెలివరీ మార్జిన్ అంతకు ముందు బుధవారం నుంచి మొదలవుతుంది. దిగే తేదీ గడిలో ఆ మంగళవారానికి వారం ముందు వచ్చే మంగళవారం రాసుకోండి.

తొలిమెట్టు:
మార్చాను. కట్టేది 8,200, బ్రేక్ ఈవెన్ 1,016.40, దిగే రోజు వారం ముందు మంగళవారం. ధర అందకపోయినా ఆ రోజు దిగుతానని పక్కన రాశాను. ఐవీ కూడా రెండు స్ట్రైక్‌లకీ విడిగా రాసుకున్నాను, 1,000కి ఒకటి, 1,040కి ఇంకొకటి చూపిస్తోంది. రెండూ ఒకే షేరువి కదా, ఒకే ఐవీ ఎందుకు లేదు?

గోదారిగట్టు:
దాని పేరు స్క్యూ. ఇప్పుడు నాటెన్‌బర్గ్ కొనండి.